కుక్కకు వేసే ఒరుగుల్లో ఉప్పు వద్దు, తేమ వద్దు

సంపాదకులకు నమస్కారం.

శివరాత్రి ముగిసి ఎండలు ముదురుతున్నాయి. చిలగడదుంపను (తెలంగాణలో కందగడ్డ, సీమలో గెనుసుగడ్డ) ఒరుగులు చేసి పెంపుడు కుక్కలకు నమలడానికి ఇవ్వాలనుకునేవారికి ఇదే అదను. బజారులో దొరికే పశుచర్మపు ముక్కలు కడుపులో ఉబ్బి పేగులకు అడ్డుపడొచ్చు కాబట్టి ఇది మంచి ఆలోచనే. అయితే కూరగాయ కదా, ఎలా ఇచ్చినా ఫర్వాలేదనుకోవడమే ప్రమాదం.

మన వంకాయ ఒరుగుల్లా ఉప్పు మజ్జిగలో ఊరవేయకూడదు. కారం, నూనె అసలే వద్దు. ముక్కుపురుగు తొలిచి చేదెక్కిన దుంపను చెడిన మేర కోసేస్తే సరిపోదు, మొత్తం పారేయాలి. మిగతావి మట్టి పోయేలా రుద్ది కడిగి, పెన్సిలంత మందాన నిలువుగా కోయాలి. చక్రాల్లా కోస్తే కుక్క నమలకుండా గుటుక్కున మింగేస్తుంది. పొడవు ముక్కనైతే ముందుకాళ్ల మధ్య ఒడిసిపట్టుకుని తీరిగ్గా కొరుకుతుంది. ఆరబెట్టే ముందు అయిదు నిమిషాలు ఆవిరి పట్టాలి. పచ్చి పిండిపదార్థం కుక్కకు సరిగా అరగదు, విరేచనాలవుతాయి.

మంచి ఎండలో పలుచటి బట్ట కప్పి మూడు నాలుగు రోజులు ఆరబెట్టాలి. పొద్దు వాలకముందే ఇంట్లోకి తేవాలి. ఓవెన్‌లోనైతే 100 డిగ్రీల దగ్గర సుమారు మూడు గంటలు ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పాలి. త్వరగా కావాలని మంట పెంచితే పైన పెచ్చు కడుతుంది, లోపలి తడి బయటికి రాదు. పైకి గలగలలాడినా విరిచి చూస్తే నడుమ జిగురుగా ఉంటుంది. బూజు మొదలయ్యేది అక్కడే. ఆరిన ముక్కల్ని గాజు సీసాలో వేసి మూతపెట్టి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి సీసా లోపలి గోడకు చెమ్మ కనిపిస్తే మళ్లీ ఆరబెట్టాల్సిందే. ఒక్క ముక్కకు బూజు పట్టినా సీసా మొత్తం పారబోయాలి. కొన్ని బూజుల విషం కుక్కకు వాంతులు, వణుకు తెప్పిస్తుంది.

బొటనవేలి గోటితో నొక్కితే గాటు పడాలి. అంతకన్నా గట్టిదైతే దవడ పన్ను విరగొచ్చు. పది కిలోల కుక్కకు రోజుకు 15 గ్రాములు చాలు, వేరే చిరుతిళ్లు పెడితే ఇంకా తగ్గించాలి. మధుమేహం, మూత్రంలో ఏర్పడే ఆక్సలేట్ రాళ్లు ఉన్న కుక్కలకు ఇవ్వొద్దు. నమిలేటప్పుడు పక్కనే ఉండి, చివరి చిన్న ముక్కను తీసేయండి.

ఉల్లి, వెల్లుల్లి ఎండినా, పొడి చేసినా ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. కలగలుపు కూరగాయల ప్యాకెట్లు కొనేవారు ముందు ఈ మూడూ ఉన్నాయేమో వెతకాలి.

అమెరికాలో ఎండు మాంసం, చిలగడదుంప చిరుతిళ్లు తిన్న కుక్కలు జబ్బుపడ్డాయని 2007 నుంచి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు వేల ఫిర్యాదులు అందాయి. కొన్నింటికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఏళ్ల తరబడి పరీక్షలు చేసినా కచ్చితమైన కారణం తేలలేదు. అందుకే ఇక్కడ ఇవి తయారుచేసి అమ్మేవారికి మా విన్నపం: ఏమేం కలిపారో, ఉప్పు ఎంతో, ఎప్పుడు ఆరబెట్టారో ప్యాకెట్ మీద తెలుగులో, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ముద్రించండి.

– కొందరు పశువైద్యులు, హన్మకొండ