నల్లేరు పొడి మళ్ళీ వచ్చింది, ధర మాత్రం పెరిగింది

ఎండాకాలమంతా నల్లేరు పొడి ఎందుకు పెట్టలేదని మా విజయనగరం కొట్టుకు వచ్చేవాళ్ళు, బొబ్బిలి, రాజాం నుంచి ఫోన్ చేసేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నల్లేరు తీగ కాడ దొరక్క కాదు. వేసవిలోనూ కంచెల మీద బోలెడంత ఉంటుంది, కానీ అంతా ముదురు. గిల్లితే పుటుక్కున తెగని కాడతో పొడి కొడితే నార పంటికి తగులుతుంది, దురదా ఎక్కువే. వానలు పడ్డాక వచ్చే లేత కొసలు, పైనుంచి రెండు మూడు కణుపులు, అవే కావాలి. ఇప్పుడు వచ్చాయి.

చిక్కేమిటంటే లేత కాడ దొరికే నెలల్లోనే ఎండ ఉండదు. మబ్బులో ఆరబోస్తే కణుపు లోపల బూజు పడుతుంది, పైకి కనిపించదు. అందుకే ఈసారి కరెంటు డ్రయ్యర్‌లో 55 డిగ్రీల దగ్గర ఆరబెడుతున్నాం. కిలో కాడకు నార తీసి ఆరబెడితే వంద గ్రాములు రావడమే గగనం. 100 గ్రాముల ప్యాకెట్లో నల్లేరు 30 గ్రాములు. మిగతాది మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండు, జీలకర్ర, ఇంగువ, ఉప్పు, వేయించే నువ్వుల నూనె. అంటే కిలో కాడకు మూడు ప్యాకెట్లు. కాడ నాలుగు పలకలుగా ఉంటుంది, ఆ పలకల అంచున ఉండే నార చేత్తోనే లాగాలి, అదీ చేతులకు నూనె రాసుకుని. 110 రూపాయల ప్యాకెట్ 140 అయింది ఇందుకే.

చింతపండు తగ్గించమని కొందరు అడుగుతున్నారు. తగ్గించం. కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, గొంతు గరగర వాటివల్లే. ఆరబెట్టినంత మాత్రాన అవి పోవు. నూనెలో బాగా వేగి, పులుపు తగిలితేనే నోటికి ఇబ్బంది ఉండదు. నువ్వుల నూనె బదులు చవక నూనె వాడమనేవాళ్ళకూ ఒక మాట: పాత ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో నల్లేరు వడలున్నాయి. తోలు తీసిన కాడ, దానికి సగం పొట్టు తీసిన పప్పు కలిపి రుబ్బి, నువ్వుల నూనెలోనే వేయించమంటుంది, వాతానికి మంచిదని.

పచ్చడి ఇంట్లోనే చేసుకునేవాళ్ళకు పచ్చికాడ శనివారాలు ఇస్తాం. పావుకిలో ముక్కలకు మూడు పెద్ద చెంచాల నూనె, మూడు చెంచాల మినప్పప్పు, పది ఎండుమిర్చి, నిమ్మకాయంత చింతపండు. ముక్కలు పచ్చదనం పోయి, ముడుచుకుని, అంచులు ఎర్రబడేదాకా వేగాలి. మూత పెట్టారో, ఉడుకుతాయి గాని వేగవు; ఆ పచ్చడే మర్నాడు గొంతు పట్టేది.

ప్యాకెట్ మీద ‘ఎముకలు అతుకుతాయి’ అని రాస్తే బాగా పోతుందని మా దగ్గర సరుకు తీసుకునే కొట్లవాళ్ళు అంటున్నారు. తినే సరుకు మీద రోగం నయమవుతుందని రాయడం చట్టం ఒప్పుకోదు, మేమూ ఒప్పుకోం. ఇది అన్నంలో, చోడి (రాగి) అంబలిలో నంజుకునే పొడి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు, గర్భిణులు డాక్టరునడిగే కొనండి. తెరిచిన ప్యాకెట్ సీసాలో పోసి, పొడి చెంచాతో వాడితే రెండు నెలలు బాగుంటుంది.