గోదావరి–శబరి సంగమం పాత పటాలను ప్రజలకు అందుబాటులోకి తేవాలి

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

సర్వే ఆఫ్ ఇండియా మీ శాఖ కిందే ఉంది కనుక ఈ విన్నపాన్ని మీకు పంపుతున్నాను. మైలుకు అంగుళం కొలతతో ఆ సంస్థ గీసిన, ఊళ్ళనూ నేల ఎత్తుపల్లాలనూ చూపే పాత స్థలాకృతి పటాల్లో, కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసే ప్రాంతానికి సంబంధించిన షీట్లను స్కాన్ చేయించి, అందరికీ ఉచితంగా ఇప్పించాలని కోరుతున్నాను.

ఒకప్పుడు ఇక్కడ గోదావరే సరిహద్దు. ఎడమ గట్టున మద్రాసు ప్రెసిడెన్సీలోని భద్రాచలం తాలూకా, కుడి గట్టున నిజాం రాజ్యం ఉండేవి. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఇన్ని పాలనలు మారిన నేలకు పాత రికార్డు ఏ కచేరీలో వెతకాలో సామాన్యుడికి తెలియదు. రెవెన్యూ పటం గ్రామ పొలిమేర దగ్గర ఆగిపోతుంది, స్థలాకృతి పటం మాత్రం రెండు గట్లనూ ఒకే కాగితం మీద చూపుతుంది. సాగుభూమికి పసుపు, అడవికి ఆకుపచ్చ, ఎత్తుపల్లాలకు గోధుమరంగు గీతలు వాడారు. ఏటి గట్టు పక్కన చిన్న అంకె, దాని వెంట ఆంగ్లంలో ‘ఆర్’ అక్షరం కనిపిస్తే, గట్టు అన్ని అడుగుల ఎత్తున్నదని అర్థం. నడిచి కొలిచినవాళ్ళు తప్ప ఇంత వివరం రాయలేరు.

అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాలు, అడవి భూమిపై హక్కు కోరేవారికి పటాలను కూడా సాక్ష్యంగా అంగీకరిస్తున్నాయి. అడవి నరికి సాగుచేసుకున్న ఏ పోడు ఎవరిదో ఈ పటం చెప్పదు, నిజమే. కానీ ఫలానా చోట ఊరు, సాగు ఉండేవని చెబుతుంది, ఇక్కడి గిరిజనులైన కోయలకూ కొండరెడ్లకూ అది చిన్న ఆధారం కాదు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 150 అడుగులు. ఆ నీరు నిలిచాక నేల మీద చూపించడానికి చాలా ఊళ్ళకు ఆనవాళ్ళు కూడా మిగలవు.

అమెరికా సైన్యం 1950లలో వేసిన మన దేశ పటాలను టెక్సస్ విశ్వవిద్యాలయం ఎప్పుడో అందరికీ తెరిచి పెట్టింది. అయితే వాటిలో అంగుళానికి దాదాపు నాలుగు మైళ్ళు కావడంతో, చిన్న గూడేలను వెతకడానికి అవి చాలవు. మనవాళ్ళే గీసిన మెరుగైన పటాలు మనకు అందకపోవడం బాధాకరం. భౌగోళిక సమాచారంపై ఆంక్షలను కేంద్రమే 2021లో సడలించింది కాబట్టి, అభ్యంతరానికి కారణం కనిపించడం లేదు.

స్కాన్ ప్రతులతో పాటు, అసలు పరిమాణంలో ముద్రించిన ఒక్కో ప్రతిని చింతూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లోనూ, ముంపు మండలాల తహసీల్దారు కార్యాలయాల్లోనూ దరఖాస్తుదారులు చూసుకునేలా ఉంచవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
శబరి తీరవాసి