కరెంటు పోతే మూగబోయే కొత్త ల్యాండ్‌లైన్

సంపాదకులకు,

రాగి తీగల ల్యాండ్‌లైన్లను తీసేసి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు ఇస్తున్నారు. ‘నంబరు అదే, ఫోన్ అదే, తీగ ఒక్కటే మారుతుంది’ అంటున్నారు. నంబరు, ఫోన్ సంగతి చాలావరకు నిజమే. తీగతో పాటు ఫోన్‌కు కరెంటు ఎక్కడి నుంచి అందుతుందన్నది కూడా మారిపోతుందని మాత్రం అడిగితే తప్ప చెప్పరు.

పాత పద్ధతిలో ఎక్స్ఛేంజీలోని బ్యాటరీలు 48 వోల్టుల డీసీని ఆ రెండు తీగల మీదే ఇంటిదాకా పంపేవి. ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వచ్చేది అందుకే. రాగి తీగ స్థానంలో వచ్చే ఫైబర్ గాజు పోగు, దానిలో వెలుగే తప్ప కరెంటు పారదు. ఇంట్లో గోడకు బిగించే ఓఎన్‌టీ పెట్టె ఆ వెలుగును డేటాగా మారుస్తుంది. ఫోన్‌కు కావలసిన వోల్టేజీని, గంట మోగించే ఏసీ కరెంటును కూడా అదో, దాని పక్కనున్న రౌటరో తయారుచేస్తుంది. ఇంట్లో కరెంటు పోయిందంటే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. కార్డ్‌లెస్ ఫోన్ వాడేవాళ్లకు దాని బేస్ కూడా ఆగుతుంది కాబట్టి, తీగ ఉన్న మామూలు ఫోన్ ఒకటి అట్టేపెట్టుకోవాలి.

ఇందుకు విరుగుడు 12 వోల్టుల చిన్న యూపీఎస్. కొనేటప్పుడు పెట్టె మీద రాసిన 10,000 ఎంఏహెచ్ (అంటే పది ఆంపియర్-అవర్లు) చూసి, రౌటర్ ఒక ఆంపియర్ తింటుంది కనుక పది గంటలు వస్తుందని లెక్కవేస్తారు. అది తప్పు లెక్క. ఆ అంకె చాలావరకు 3.7 వోల్టుల సెల్‌కు సంబంధించినది. రెండూ గుణిస్తే 37 వాట్-అవర్లు. 12 వోల్టులకు పెంచడంలో పోయేది పోగా 32 మిగులుతుంది. ఓఎన్‌టీ, రౌటర్ కలిపి 13 వాట్లు లాగితే రెండున్నర గంటలకు మించదు. పిన్ను సైజు కూడా చూడాలి. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం కొన్నింటికి 2.1, కొన్నింటికి 2.5 ఉంటుంది. తేడా వస్తే ప్లగ్గు లోపలికే పోదు, లేదా వదులుగా ఉండి పెట్టె మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. రెండు మూడేళ్లకు బ్యాటరీ నీరసపడుతుంది కాబట్టి అప్పుడప్పుడు ప్లగ్గు పీకేసి ఎంతసేపు నిలుస్తుందో చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వస్తే వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు దారిలో కరెంటు అక్కర్లేదు. ఫైబర్ భవనం కిందిదాకా వచ్చి, అక్కడి స్విచ్ నుంచి పైకి మామూలు కేబుల్ లాగితే మాత్రం ఆ స్విచ్‌కూ బ్యాకప్ ఉండాలి. కనెక్షన్ తీసుకునే ముందే ఇది అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది ఇంట్లోని పాత వైరింగ్. పై గదిలోని సాకెట్ కూడా పనిచేయాలని ఓఎన్‌టీ ఫోన్ పోర్టును గోడ సాకెట్‌కు కలిపేస్తారు. బయటి నుంచి వచ్చే రాగి తీగల జతను విప్పకుండా ఆ పని చేస్తే, ఎక్స్ఛేంజీ 48 వోల్టులు ఒకవైపు నుంచి, ఓఎన్‌టీ వోల్టేజీ మరోవైపు నుంచి ఢీకొని పోర్టు కాలిపోవచ్చు. లైను ఇంట్లోకి వచ్చే చోటున్న పెట్టెలో బయటి జతను విప్పి, కొసలకు విడివిడిగా టేపు చుట్టాకే కలపాలి. పాత బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్లు కూడా తీసేయాలి. ఇన్ని చేసినా గంట ఉన్న పాత ఫోన్లు నాలుగైదు తగిలిస్తే బలం చాలదు. గంట బలహీనంగా మోగుతుంది, లేదా అసలు మోగదు. తిప్పే డయల్ ఫోన్లను చాలా పెట్టెలు గుర్తించవు. బటన్ల ఫోనైతే అడుగున ఉండే చిన్న స్విచ్‌ను పల్స్ నుంచి టోన్‌కు మార్చాలి. ఫోన్ ప్లగ్గును పొరపాటున పక్కనున్న పెద్ద లాన్ సాకెట్లో దూర్చకూడదు. అది పడుతుంది కానీ, చివరి పిన్నులు వంగిపోతాయి.

మాట తెగిపోతుంటే స్పీడ్ పెంచుకొమ్మంటారు. ఒక కాల్‌కు పట్టేది ఒక్కోవైపు సుమారు 90 కేబీపీఎస్, అంటే అది ఏ కనెక్షన్‌కూ లెక్కలోది కాదు. సీసీ కెమెరాలు గానీ, మొబైల్ బ్యాకప్ గానీ అప్‌లోడ్ దారిని నింపేసినప్పుడు మాటల ప్యాకెట్లు వరుసలో ఆగిపోతాయి. కంపెనీ ఓఎన్‌టీలోనే ఫోన్ సేవ ఉంటే ఈ బెడద తక్కువ, సొంత రౌటర్ వెనుక ఫోన్ అడాప్టర్ (మామూలు ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే పెట్టె) పెట్టుకుంటే ఎక్కువ. రౌటర్ సెట్టింగుల్లో వాయిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి. ఒకవైపు మాటే వినిపిస్తుంటే, కాసేపటికి ఇన్‌కమింగ్ ఆగిపోతుంటే రౌటర్ సెట్టింగుల్లో, కాల్ ప్యాకెట్లను మార్చే ‘సిప్ ఏఎల్‌జీ’ అనేదాన్ని ఆపేసి చూడాలి. చాలాసార్లు దానితో సరిపోతుంది.

ఫోన్ లైను మీద నడిచే వస్తువులన్నిటినీ మార్పుకు ముందే లెక్కతీయాలి: లిఫ్టులోని అత్యవసర ఫోన్, దొంగల అలారం, ఫ్యాక్స్, కార్డు మెషిన్, వృద్ధులు మెడలో వేసుకునే సహాయ బటన్. మాటకు సరిపోయే డిజిటల్ దారి ఈ పరికరాల సంకేతాలను చెడగొట్టవచ్చు. బ్రిటన్‌లో ఇలాంటి సహాయ బటన్లు మొరాయించాకే 2023 డిసెంబరులో బలవంతపు మార్పులను ఆపారు. పాత నెట్‌వర్క్ మూసివేత గడువును 2025 నుంచి 2027 జనవరికి జరిపారు. ల్యాండ్‌లైన్ తప్ప దిక్కులేనివారు కరెంటు పోయాక కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటును కంపెనీయే ఉచితంగా ఇవ్వాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మార్గదర్శకం. నన్నడిగితే గంట చాలదు. అయినా ఆ మాత్రం హామీనైనా ప్రతి కంపెనీ దరఖాస్తు ఫారం మీదే అచ్చువేయాలి.

నంబరు నిలబెట్టుకోవాలంటే పాత కనెక్షన్‌ను మీరుగా రద్దు చేయకండి. కంపెనీ మారేటప్పుడు నంబరు బదిలీ సౌకర్యం ఉంటే, ముందు కొత్త కంపెనీకి దాని దరఖాస్తు ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా పాత బిల్లు కడుతూ ఉండాలి. రద్దయిన నంబరు తిరిగి దొరుకుతుందన్న భరోసా లేదు. రాగి జత ఒక ఇంటికే కట్టుబడి ఉండేది కాబట్టి అత్యవసర కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది. ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్‌ను ఇల్లు మారినప్పుడు వెంట తీసుకెళితే కొత్త చోటా మోగుతుంది, కానీ రికార్డులో పాత చిరునామాయే ఉండిపోతుంది. అంబులెన్స్ అక్కడికే పోవచ్చు. అందుకని కొత్తింట్లో పెట్టె ఆన్ చేసిన రోజే కంపెనీ రికార్డులో చిరునామా మార్పించుకోవాలి.

– టెలిఫోన్ వైరింగ్ పని తెలిసిన ఒక పాఠకుడు