పదో రోజుకు ముందే ఆకలా?

సంపాదకులకు,

ఆదివారం అనుబంధాల్లో ప్రేతాత్మల కథలు జోరుగా వస్తున్నాయి, సంతోషమే. కానీ వాటిలో చనిపోయిన రెండో రోజే ఆత్మ అన్నం కోసం వంటింట్లో తచ్చాడుతుంటుంది! గరుడ పురాణం లెక్కన దానికి అప్పటికి పొట్టే ఉండదు. మొదటి రోజు పిండంతో తల, రెండో రోజు మెడ, భుజాలు, మూడో రోజు గుండె ఏర్పడతాయి. ఆకలిదప్పులు పుట్టేది పదో రోజునే. పదమూడో రోజున యమపురికి బయల్దేరితే రోజుకు 247 యోజనాల నడక, దారిలో 16 పట్టణాలు, వైతరణి నది. మొత్తం దూరం 86,000 యోజనాలు. కథకుడికి ఇంతకన్నా ముడిసరుకేం కావాలి?

మా జిల్లాలోని కూర్మనాథ స్వామి క్షేత్రం శ్రీకూర్మం నేపథ్యంగా రాసేవాళ్లు అస్థికలు కలిపే కోనేరు శ్వేత పుష్కరిణిని వదలరు గానీ, స్వామి పడమటి ముఖంగా ఉంటాడనీ, గుడికి రెండు ధ్వజస్తంభాలున్నాయనీ మరిచిపోతున్నారు. అచ్చుకు ముందు ఇవి సరిచూడమని మనవి.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం