వెనక గేటు బస్టాపు తాతగారి గురించి, ఇంకొన్ని విషయాలు

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

ఈ నెల లెటర్ మామూలుగా అయితే యూనిట్ టెస్టులతో మొదలవ్వాలి, కానీ శుక్రవారం సాయంత్రం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది కాబట్టి ముందు ఆ సంగతే. మన వెనక గేటు బస్టాపులో పడుకునే తాతగారితో 8-బి పిల్లలు నలుగురు కూర్చుని మాట్లాడుతుంటే ఎవరో కార్లోంచి వీడియో తీసి గ్రూప్‌లో పెట్టారు, "మన పిల్లలు బిచ్చగాళ్ళ పక్కనా, వాచ్‌మన్ ఏం చేస్తున్నాడు" అని. దాని కింద 63 మెసేజ్‌లు. కారు దిగి "ఏంటమ్మా" అని ఒక్క మాట అడిగుంటే అయిపోయేది.

జరిగింది ఇదీ. మన దుప్పట్ల కలెక్షన్‌లో ఒకటి ఆయనకి ఇద్దామని వెళ్తే అప్పటికే మూడున్నాయట. చలి మొదలవగానే మన వైజాగ్‌లో బీచ్ రోడ్డు నుంచి బస్ కాంప్లెక్స్ దాకా అందరూ పంచేవి దుప్పట్లే కదా. ఆ నలుగురిలో ఒక అమ్మాయి "మరి నీకేం కావాలి తాతా" అని అడిగింది. "దుప్పట్లొద్దు పాపా, కాగితాలు తడిసిపోతన్నాయి, గట్టి కవరుంటే సూడు" అన్నాడట. చొక్కా లోపల్నించి తీసిన ఆధార్ జిరాక్స్ మడతల దగ్గర తెగి నాలుగు ముక్కలైపోయింది, చివరి అంకెలు కనపడట్లేదు. ఆ కార్డు లేకపోతే 4000 పెన్షన్ కూడా రాదు. వెంటనే ఒక బాబు తన పరీక్షల జిప్ పౌచ్‌లోంచి పెన్నులన్నీ జేబులో కుక్కుకుని పౌచ్ ఇచ్చేశాడు. ఆ బాబుకి లెక్కల్లో ఎన్నొచ్చాయో నాకు తెలుసు, వాళ్ళమ్మగారికీ తెలుసు, అయినా ఈ వారం నాకు వాడే క్లాస్ ఫస్ట్.

టీచర్ లేకుండా వెళ్ళడం మాత్రం తప్పే, అందులో మీ భయం న్యాయమే, ఇకపై ఎవరో ఒక టీచర్ తోడుంటారు. తాతగారిని అక్కడ్నించి పంపించెయ్యమన్నారే, అది మాత్రం నేను చెయ్యను.

ఇది నాకు కొత్త విషయం కాదండి. అప్పట్లో నేను మున్సిపల్ స్కూల్ టీచర్ని, 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్ళని లెక్కపెట్టే డ్యూటీ పడింది. పూర్ణా మార్కెట్ అరుగుల మీద టార్చి వేసుకుని తిరుగుతుంటే ఒక ముసలమ్మ లేచి కూర్చుని "ఏ డోర్ నంబరు రాస్తావమ్మా" అంది. దేశం మొత్తం మీద 17 లక్షల 73 వేలు తేలారు, అందులో ఆవిడ కూడా ఒక అంకె, నా చేత్తో రాసిందే. లక్ష జనాభాకి ఒక షెల్టర్, 24 గంటలూ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, మన సిటీ కార్పొరేషన్ జీవీఎంసీకి కూడా షెల్టర్లు ఉన్నాయి, కానీ ఫుట్‌పాత్ మీద ఉన్న మనిషికి ఆ సంగతి ఎవరు చెప్తారు, ఎవరు తీసుకెళ్తారు, మూట పోతుందేమో అని ఆయన భయపడితే కాసేపు ఎవరు కూర్చుంటారు? మనమే చెయ్యాలి. స్పృహ లేకుండా పడి ఉంటే 108, పిల్లలు ఒంటరిగా కనిపిస్తే 1098, పెద్దవాళ్ళకి 14567. మతి స్థిమితం లేక తిరుగుతున్నవాళ్ళని చూస్తే 112కి చెప్పండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్ళని కాపాడి ఆస్పత్రికి చేర్చాల్సింది పోలీసులే, మనూళ్ళో చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఉండనే ఉంది. వీడియో తియ్యడానికి పట్టే టైమే పడుతుంది ఫోన్ చెయ్యడానికి కూడా.

ఇక మీరు పంపిన బట్టల మూటల గురించి. చాలా థాంక్సండి. కానీ జిప్ పోయిన జీన్స్, ఒంటి సాక్సు, అద్దాల వర్క్ పెళ్ళి బ్లౌజులు ఎవరు వేసుకుంటారు? మా ఆయమ్మ రెండు రోజులు కూర్చుని ఏరితే సగం చెత్తలోకే. కొత్త తువ్వాలు, సబ్బు, చెప్పులు, ఆడవాళ్ళకి ప్యాడ్లు పంపండి. ఫంక్షన్‌లో మిగిలిన బిర్యానీ రాత్రి పదకొండుకి తెచ్చి పంచకండి, అది పాడైతే వాళ్ళకి పరిగెత్తడానికి బాత్‌రూమ్ కూడా ఉండదు. అన్న క్యాంటీన్‌లో ఒక పూట 5 రూపాయలే, ఆ పక్కన ఉన్నవాళ్ళకి మూడు పూటలా తీసిచ్చినా 15. ఆదివారం మాత్రం వాటికి సెలవు, అందుకే వండాలని ఉన్నవాళ్ళు ఆదివారమే వండండి.

యూనిట్ టెస్ట్ మార్కులు సోమవారం ఇస్తాం, బస్ ఫీజు బాకీలు కట్టెయ్యండి, సంక్రాంతి సెలవులు డైరీలో ఉన్నాయి. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి ఫస్ట్ పీరియడ్‌లో నిద్రపోతున్న 9వ తరగతి పిల్లల గురించి ఈసారికి ఏమీ అనట్లేదు.

ఈ ఆదివారం ఉదయం 7కి వెనక గేటు దగ్గర ఉప్మా, పొట్లాలు కట్టడానికి పదిమంది పెద్దవాళ్ళు కావాలి. తాతగారిని ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళడానికి సోమవారం ఒక కారు కూడా కావాలి, వీడియో తీసిన కారైనా పర్లేదు. బైకులు మాత్రం గేటుకి అడ్డంగా పెట్టకండి దయచేసి.

మీ
హెడ్ మిస్ట్రెస్