పాఠంలో కొలిమి ఏది?

సంపాదకులకు,

ఆరో తరగతి చదివే మా మనవరాలి నోట్సులో ‘రాతియుగం ముగిసి లోహయుగం మొదలైంది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. కమ్మరి ఇంట్లో పుట్టి తిత్తులు ఊదినవాణ్ణి, నాకది మింగుడుపడలేదు. రాయి అంత తేలిగ్గా మనిషి చేతిలోంచి పోలేదు. 1991లో యూరప్‌లోని ఆల్ప్స్ కొండల మంచులో శవంగా బయటపడ్డ ఓట్జి సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. అతని దగ్గర రాగి గొడ్డలితో పాటు చెకుముకిరాతి బాకూ ఉంది.

రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇనుముకు 1,538 కావాలి. అంత వేడి లేకుండానే పూర్వీకులు ఇనుము తీశారు! ఖనిజాన్ని బొగ్గులతో కలిపి పేర్చి తిత్తులు ఊదితే, బొగ్గు నుంచి పుట్టే వాయువు ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. ఇనుము కరగదు, స్పంజిలాంటి ముద్దగా మిగులుతుంది. దాన్ని వేడి మీదే సమ్మెటతో బాదాలి. దెబ్బ దెబ్బకీ చిట్టెం, అంటే ముద్దలో మిగిలిన మలినం, నిప్పురవ్వలతో కలిసి బయటికి చిమ్ముతుంది. ఇదంతా చదువుకున్న ఇంజినీర్లు కనిపెట్టింది కాదు.

మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఈ సంగతి జిల్లా పిల్లల్లో ఎందరికి తెలుసు? పాఠంలో దీనికి రెండు పేజీలైనా ఇవ్వాలి. పాత కొలుముల ఆనవాళ్లున్న చోట అధికారులు కంచె వేయించి, తెలుగులో బోర్డు పెట్టించాలి.

– ఒక కమ్మరి, నిజామాబాద్ జిల్లా