యుద్ధం తర్వాతి కథ కూడా కావాలి

సంపాదకుల వారికి,

యుద్ధం సినిమా అంటే మా అనంతపురం థియేటర్లలో కత్తి దూసినప్పుడే ఈలలు. యుద్ధం ముగిశాక ఎవరి పొలం ఎవరి చేతికి పోయిందో చూపే సీను ఎక్కడో గానీ కనపడదు. మన సీమ కథంతా ఆ సీనులోనే ఉంది. ఈ ప్రాంతం కొంత 1792 సంధిలో, మిగతాది 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చనిపోయాక నిజాం వాటాకు వచ్చింది. మరుసటి ఏడాదే, తన దగ్గరున్న ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఆయన ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు. ఇక్కడి రైతును ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. తర్వాత కలెక్టరుగా వచ్చిన మన్రో పొలాలు కొలిపించి శిస్తు కట్టాడు, ఊళ్ల మీద పెత్తనం చేసే స్థానిక నాయకులైన పాలెగాళ్లను అణిచాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడింది కూడా పాలెగాళ్ల కుటుంబాలకు రావలసిన భరణాల గొడవతోనే మొదలైంది. ఇంత కథ ఉంటే మన పిల్లలకు పరీక్షలో రాయడానికి ‘దత్త మండలాలు’ (అలా రాసిచ్చేసిన ప్రాంతాలు) అన్న ఒక్క ముక్క మిగిలింది. నాకు బాధగా ఉంది.

2025 మేలో సరిహద్దులో మన గోరంట్ల మండలం జవాను ప్రాణం వదిలాడు. అదే వారం టీవీ చర్చల్లో కొందరు యుద్ధం గురించి క్రికెట్ మ్యాచ్‌లా అరిచారు. ఆ కుటుంబం కూడా ఆ టీవీలే చూస్తుందన్న ఆలోచన వాళ్లకు రాలేదా?

మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారైనా మాజీ సైనికుల మాటలు, ఇంట్లో మిగిలినవాళ్ల మాటలు వేయండి. కథలు, సినిమాలు రాసేవాళ్లకూ అవి అందుతాయి.

– ఒక రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు, అనంతపురం